మాటల కొలువు: పలక పట్టక ముందు మ్యూజియం

బడికి సిద్ధం కావడమంటే అక్షరాలు గుర్తుపట్టడం, అంకెలు వల్లించడం, పలక మీద గీతలు దిద్దడం అని పెద్దలు సాధారణంగా అనుకుంటారు. పసిపిల్లల చదువును దగ్గరగా పరిశీలించిన విద్యావేత్తలు మాత్రం అక్షరానికి ముందున్న మరొక మెట్టును చూపిస్తారు. చూసినదానికి పేరు పెట్టగలగడం, ఆ పేరును వాక్యంలో ఇమడ్చగలగడం, ఎదుటివారు అడిగినది విని తగిన జవాబు చెప్పగలగడం, మాటలోని ధ్వనులను విడివిడిగా వినగలగడం, గోడ మీదా కాగితం మీదా ఉన్న గీతలు మాటలకు గుర్తులని గ్రహించడం, ఇవన్నీ కలిసిన స్థితిని వారు తొలి అక్షరాస్యత అంటారు. మూడేళ్లకూ ఆరేళ్లకూ మధ్య ఈ పునాది పడిన బిడ్డకు ఒకటో తరగతిలో అక్షరం కొత్తదే అయినా ఆ అక్షరం మోసుకొచ్చే మాట పాతదే అవుతుంది. పునాది పడని బిడ్డకు అక్షరమూ మాటా ఒకే రోజున కొత్తవై, రెండింటి బరువూ ఒకేసారి మీద పడుతుంది.

మదురై, కోయంబత్తూరు ప్రాంతాల తెలుగు ఇళ్లలో ఈ బరువు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలైన మదురై నాయక రాజ్యం తెలుగువారి రాజ్యం. ఆ ఆస్థానంలో పద్దెనిమిదో శతాబ్దపు తొలినాళ్ల విజయరంగ చొక్కనాథుడి కాలం దాకా తెలుగు కావ్యాలు, వచన గ్రంథాలు వెలువడ్డాయి. 2011 జనగణనలో తమిళనాడులో తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 42 లక్షల మంది ఉన్నారు. అయినా వీరిలో అత్యధికుల ఇళ్లలో తెలుగు నోటి భాషగానే నిలిచి, రాత అంతా తమిళానిది అయింది. ఇడైసేవల్ గ్రామపు తెలుగు కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్ తన పూర్వీకుల వలస కథను ‘గోపల్ల గ్రామం’గా తమిళంలోనే రాశారు. తమిళనాడు ప్రభుత్వం 2006లో చేసిన తమిళ అభ్యసన చట్టం వల్ల ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళం తప్పనిసరి పాఠ్యభాష అయింది. కాబట్టి మదురైలోని మాట్టుతావణి పరిసరాల తెలుగు ఇంట్లో పుట్టిన బిడ్డ అవ్వ దగ్గర ఒక భాషలో లోకాన్ని నేర్చుకుని, బడిలో మరో భాషలో దానిని చదవవలసి వస్తుంది. ఈ రెంటి మధ్య వంతెన వేసే పనికి మ్యూజియం ఎంతో అనువైన చోటన్నదే ఈ అధ్యాయపు ప్రతిపాదన. ఆ వంతెన వేయగలిగినవారు ఊళ్లోని స్వచ్ఛంద కార్యకర్తలు.

మ్యూజియం అంటే ఏమిటి, పసిబిడ్డకు దానితో ఏం పని

మ్యూజియం అనే భావన తెలుగు ఇంటికి పరాయిది కాదు. నవరాత్రులకో సంక్రాంతికో మెట్లు కట్టి, తెల్లని గుడ్డ పరచి, దేవుళ్లను పై మెట్టు మీద, పెళ్లి బొమ్మలను మధ్య మెట్టు మీద, చెట్టియారు అంగడినీ పాలమ్మేవాడినీ కింది మెట్ల మీద అమర్చే బొమ్మల కొలువు ఒక చిన్న ప్రదర్శనశాలే. వస్తువులను సేకరించడం, వర్గాలుగా విడదీయడం, చూపరులకు వాటి కథ చెప్పడం మ్యూజియం చేసే మూడు ముఖ్యమైన పనులు. కొలువు పెట్టిన ఇంట్లో ఆ మూడూ జరుగుతాయి. వచ్చిన పేరంటాళ్లకు ఏ బొమ్మ ఎవరిదో చెప్పే బాధ్యత చాలా ఇళ్లలో పిల్లలదే. నాలుగేళ్ల పిల్ల ఒక్కొక్క బొమ్మనూ వేలితో చూపిస్తూ చెప్పే ఆ వరుస మాటల్లో పేరు పెట్టడం, వర్ణించడం, క్రమం చెప్పడం, వినేవారిని గమనించడం అన్నీ ఉన్నాయి. వస్తువును చూపి మాటను రాబట్టి, ఆ మాటను చదువుకు మెట్టుగా మలిచే ఈ పద్ధతినే ఇక్కడ మ్యూజియం అక్షరాస్యత అని వ్యవహరించడం జరిగింది.

ప్రపంచంలో పిల్లల కోసమే వెలసిన మొదటి మ్యూజియం 1899లో బ్రూక్లిన్‌లో ప్రారంభమైంది. సందర్శకులకు వస్తువులను వివరించే సహాయకుడికి ‘డోసెంట్’ అనే పేరును బోస్టన్ లలిత కళల మ్యూజియం 1907లో వాడుకలోకి తెచ్చింది. తర్వాతి కాలంలో అమెరికాలో ఆ పనిని ఎక్కువగా వేతనం లేని స్వచ్ఛంద కార్యకర్తలే భుజాన వేసుకున్నారు. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థ 1988లో మ్యూజియం వస్తువులే పాఠాలుగా ఒక శిశువిద్యా కేంద్రాన్ని తెరిచింది. ఇవన్నీ ధనిక దేశాల ఏర్పాట్లే అయినా, వాటిలోని కీలకం ఖర్చుతో కూడినది కాదు. బిడ్డ ఎదుట ఒక వస్తువు, పక్కన ఓపికగల ఒక పెద్ద మనిషి, ఇద్దరి మధ్య తీరుబడిగా సాగే ఒక సంభాషణ ఉంటే చాలు.

స్వచ్ఛంద విద్యాసేవ తమిళనాడుకు కొత్తది కాదు. 1990ల తొలినాళ్లలో అరివొళి ఇయక్కం, అంటే జ్ఞానదీప ఉద్యమం, వీధి దీపాల కింద వయోజనులకు అక్షరాలు నేర్పింది. కోవిడ్ కాలంలో బడులు మూతబడడంతో పోయిన చదువును పూరించడానికి 2021 అక్టోబరులో మొదలైన ఇల్లం తేడి కల్వి, అంటే ఇల్లు వెదుక్కుంటూ వచ్చే చదువు, లక్షల సంఖ్యలో తన్నార్వలర్లను కూడగట్టింది. తన ఆసక్తితో తానుగా ముందుకొచ్చినవారు అని ఆ తమిళ మాటకు అర్థం. ఈ పథకం ఒకటి నుంచి ఎనిమిదో తరగతి పిల్లల కోసం రూపొందినది. మూడు నుంచి ఆరేళ్ల వారి సంరక్షణ అంగన్‌వాడీకి, స్థానికులు పాలవాడి అని పిలిచే చోటుకు, వదిలివేయబడింది. పాలవాడి అక్క పోషకాహారం, తూకాలు, రిజిస్టర్ల మధ్య ఒక్కొక్క బిడ్డతో విడిగా మాట్లాడేందుకు సమయం మిగుల్చుకోవడం కష్టం. వారానికి ఒక పూట వచ్చే కార్యకర్త పూరించగలిగిన ఖాళీ సరిగ్గా అక్కడే ఉంది.

పూల బజారులో మొదలు

మాట్టుతావణి అన్న పేరులోనే ఒక పాఠం ఉంది. మాడు అంటే తమిళంలో పశువు, తావణి అంటే సంత. ఒకప్పుడు పశువుల సంత జరిగిన చోట 1999 నుంచి మదురై పెద్ద బస్ స్టాండు నడుస్తోంది. దాని దగ్గరే ఉన్న పూల బజారుకు తెల్లవారుజామున మల్లెలు బస్తాల కొద్దీ దిగుతాయి. 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన మదురై మల్లి ఇక్కడ తూకం మీద అమ్ముడై, వీధి మలుపుల్లో దండలుగా మారి మూరల లెక్కన కొనేవారి చేతికి చేరుతుంది. మ్యూజియం గడప తొక్కే ముందు పిల్లలను ఒకటి రెండు సార్లు ఈ బజారుకు తీసుకువెళ్లడం మంచిది. ముట్టుకోకుండా చూడడం, వాసన చూసి చెప్పడం, రంగులను పోల్చడం, చేయి పట్టుకుని వరుసలో నడవడం వంటి అలవాట్లు ఇక్కడ సులువుగా అబ్బుతాయి. అయితే రద్దీ వేళ చిన్నపిల్లలతో బజారులోకి దిగడం ప్రమాదం కాబట్టి, లారీలు వెళ్లిపోయి జనం పలుచబడిన తర్వాతే వెళ్లాలి.

ఈ బజారులో పిల్లల చెవికి దొరికే నిధి మాటల జత. తెలుగు అజంత భాష, అంటే దాని మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. తమిళంలో హల్లుతో ముగిసే మాటలు కొల్లలు. తెలుగు బిడ్డ ఇంట్లో పాలు, ఊరు, కాలు, కన్ను అంటుంది. వీధిలో అవే మాటలు పాల్, ఊర్, కాల్, కణ్ అని వినిపిస్తాయి. ఈ జతలను పక్కపక్కన పలికించి, చివర ఏది పోయిందో, ఏది మిగిలిందో అడిగితే, ఏ పాఠ్యపుస్తకమూ లేకుండానే బిడ్డ ధ్వనిస్పృహ సంపాదించుకుంటుంది. మాటకు అర్థమే కాక ధ్వనుల కూర్పు కూడా ఉందని గ్రహించి, ఆ ధ్వనులను విడదీసి, కలిపి, మార్చి ఆడుకోగలగడాన్ని ధ్వనిస్పృహ అంటారు. చదవడం త్వరగా వచ్చే పిల్లలను ముందుగానే గుర్తించేందుకు పరిశోధకులు పదేపదే ఆధారపడే లక్షణాల్లో ఇది ఒకటి. ఒకే భాష వినే పిల్లలకు దీనిని కృత్రిమమైన ఆటలతో నేర్పవలసి వస్తుంది. మదురై తెలుగు పిల్లలకు వాడంతా ఆ ఆటే.

మల్లెదండను కొలిచే మూర అన్న మాట దగ్గర మరికాస్త ఆగవచ్చు. మోచేతి నుంచి వేలి కొస దాకా ఉన్న ఆ కొలతను తమిళంలో ముఴం అంటారు. తమిళులు తమ భాషకే ప్రత్యేకమని ముచ్చటపడే ఆ ఴ ధ్వని ఒకనాడు తెలుగులోనూ ఉండేది. రేనాటి చోళుల నాటి ప్రాచీన శాసనాల్లో దాని అక్షరం కనిపిస్తుంది. కాలక్రమంలో తెలుగులో అది కొన్నిచోట్ల రకారంగా, కొన్నిచోట్ల డకారంగా మారింది. అందువల్లనే తమిళంలో కోఴి తెలుగులో కోడి అయింది, ఏఴు ఏడు అయింది, ముఴం మూర అయింది. నాలుగేళ్ల బిడ్డకు ఈ భాషాచరిత్ర చెప్పనవసరం లేదు. కార్యకర్తకు మాత్రం తెలిసి ఉండాలి. అది తెలిసిన కార్యకర్త, బిడ్డ ఏఴు అనవలసిన చోట ఏడు అన్నప్పుడు దానిని తప్పుగా లెక్కించకుండా, రెండు వాకిళ్ల ఇంట్లో ఒక వాకిలి నుంచి వచ్చిన మాటగా ఆదరించి, రెండో వాకిలినీ చూపిస్తుంది.

తముక్కం, మహల్, కీఴడి

మాట్టుతావణి నుంచి నాలుగైదు కిలోమీటర్ల లోపే తముక్కం భవనం ఉంది. రాణి మంగమ్మ విడిది మహల్‌గా పేరుపొందిన ఈ కట్టడంలో 1959 ఏప్రిల్ 15న జవహర్‌లాల్ నెహ్రూ గాంధీ స్మారక మ్యూజియాన్ని ప్రారంభించారు. ప్రభుత్వ మ్యూజియం కూడా 1981 నుంచి అదే ప్రాంగణంలో ఉంది. తెలుగు ఇళ్ల పిల్లలకు మొదటి మ్యూజియంగా ఇదే తగినది. ఆవరణ విశాలంగా, నీడగా ఉంటుంది. పరుగెత్తాలనే పిల్లల కోరికను ముందు ఆవరణలో తీర్చి, ఆ తర్వాత లోపలికి తీసుకువెళ్లవచ్చు. అయితే గాంధీజీ హత్యనాటి రక్తపు మరకల వస్త్రం ప్రదర్శించిన చోటికి అయిదేళ్ల లోపు పిల్లలను తీసుకువెళ్లకపోవడమే మంచిది. ఆ వస్త్రం దేశానికి ఎంతో పవిత్రమైనదే అయినా, పసిమనసు దానిని మోయలేదు. గాంధీజీ 1921 సెప్టెంబరు 22న ఇదే మదురైలో చొక్కా, టోపీ వదిలి మోకాళ్ల పైకి కట్టే చిన్న పంచెకు మారారన్న సంగతి మాత్రం పిల్లలకు చెప్పదగినది. బట్ట గురించి, పొడుగు పొట్టి గురించి, తాత అలా ఎందుకు కట్టుకున్నాడన్న ప్రశ్న గురించి వారు గంటసేపు మాట్లాడగలరు.

తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహల్ శరీరంతో నేర్చుకునే పాఠం. ఇప్పుడు మిగిలినది అసలు కట్టడంలో కొంత భాగమే అయినా, దాని స్తంభాల లావు పెద్దలను సైతం నిలబెట్టేస్తుంది. ఒక స్తంభాన్ని చుట్టి పట్టుకోవడానికి ఎంతమంది పిల్లలు చేతులు కలపాలో ముందు ఊహించమని, తర్వాత చేసి చూడమని, చివరకు ఊహకూ లెక్కకూ ఎంత తేడా వచ్చిందో చెప్పమని అడిగితే, గణితమూ భాషా ఒకే ఆటలో కలిసిపోతాయి. రక్షిత కట్టడం కాబట్టి ముట్టుకోవడానికి అనుమతి లేని స్తంభాల దగ్గర దూరంగా నేల మీద తాడుతో అంతే చుట్టు వేసి చూపవచ్చు. మీనాక్షి ఆలయంలో ఆరియనాథ ముదలియార్ 1569లో కట్టించినదిగా చెప్పే వెయ్యి కాళ్ల మండపం, ఇప్పటి ఆలయ మ్యూజియం, దీనికి తోడు. తమిళంలో కాల్ అంటే కాలూ అవుతుంది, స్తంభమూ అవుతుంది. వెయ్యి కాళ్ల ఇల్లు అన్న ఊహకు పిల్లలు పడిపడి నవ్వుతారు. ఆ నవ్వులోనే ఒక మాటకు రెండర్థాలు ఉండవచ్చునన్న జ్ఞానం వారికి అందుతుంది. నిజానికి అక్కడ ఉన్నవి 985 స్తంభాలే అన్నది కాస్త పెద్ద పిల్లలకు దాచి ఉంచదగిన విశేషం.

నగరానికి ఆగ్నేయంగా ఉన్న కీఴడిలో 2023 మార్చి 5న తెరిచిన మ్యూజియం, అక్షరం పుట్టుకను పిల్లల కంటి ఎత్తులో చూపించగల చోటు. రెండువేల ఏళ్లకు పూర్వం అక్కడ నివసించినవారు మట్టి కుండల మీద తమ పేర్లను తమిళ బ్రాహ్మీ లిపిలో గీసుకున్నారు. కుండపెంకులను గుండ్రంగా అరగదీసి ఆడుకునే బిళ్లలుగా వాడారు. తొక్కుడుబిళ్ల ఆడే బిడ్డకు ఆ గుండ్రని పెంకు మొదటి చూపులోనే చుట్టమవుతుంది. ఇంటికి తిరిగి వచ్చాక పగిలిన కుండపెంకు ఒకటి ఇచ్చి, బొగ్గుతోనో సుద్దతోనో తనకు నచ్చిన గుర్తు గీసుకోమంటే, బిడ్డ మొదటిసారి ఇది నాది అని రాతపూర్వకంగా ప్రకటిస్తుంది. ఆ గీత ఏ అక్షరమూ కాకపోవచ్చు; గీత మాటకు ప్రతినిధి అన్న గ్రహింపు మాత్రం అందులో ఉంది.

కోయంబత్తూరు వైపు ఉన్నవారికి 1902లో స్థాపించిన గాస్ అటవీ మ్యూజియం, జి.డి. నాయుడు పేరిట ఉన్న పారిశ్రామిక ప్రదర్శనశాల ఇదే పనికి వస్తాయి. కళంగల్ అనే పల్లెటూళ్లోని తెలుగు రైతు ఇంట పుట్టిన నాయుడు బడిచదువు అంతంతమాత్రమే అయినా యంత్రాలను విప్పి చూసి నేర్చుకున్న మనిషి. విప్పి చూడడమే చదువన్న మాట పిల్లలకు చెప్పడానికి అంతకంటె దగ్గరి ఉదాహరణ దొరకదు.

కార్యకర్త తనను తాను మలుచుకోవడం

మ్యూజియంలో పిల్లలతో మాట్లాడడం పైకి సులువుగా కనిపించే కష్టమైన విద్య. మొదటి అడ్డంకి పెద్దలకు ఉన్న జ్ఞానమే. వస్తువు కనిపించగానే దాని కాలం, రాజు, విశేషం చెప్పేయాలనే తొందర కార్యకర్తను ఉపన్యాసకుడిగా మార్చి, బిడ్డ నోరు మూయిస్తుంది. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం అనుభవం నుంచి అబిగైల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ రూపొందించిన దృశ్యచింతన పద్ధతి ఈ తొందరకు మంచి విరుగుడు. అందులో పెద్దలు అడిగేవి మూడే ప్రశ్నలు: ఇందులో ఏం జరుగుతోంది, ఏది చూసి అలా అనిపించింది, ఇంకా ఏం కనిపిస్తోంది. రెండో ప్రశ్న ప్రాణం వంటిది. బిడ్డ తన మాటకు ఆధారం వెతుక్కోవడం అక్కడ మొదలవుతుంది. 1988లో వైట్‌హర్స్ట్ బృందం ప్రచురించిన సంభాషణాత్మక పఠన పరిశోధన కూడా ఇదే దారిలో నడిచింది. బొమ్మల పుస్తకాన్ని చదివి వినిపించడం తగ్గించి, ప్రశ్నించి, బిడ్డ చెప్పిన మాటకు మరో రెండు మాటలు చేర్చి తిరిగి పలికితే, ఆ పిల్లల మాట్లాడే శక్తి కొద్ది వారాల్లోనే పెరిగిందని ఆ అధ్యయనం చూపింది.

ఈ పద్ధతిని తెలుగు ఇంటి బిడ్డకు అన్వయించేటప్పుడు పాటించవలసిన నియమం, మొదటి జవాబును బిడ్డ ఏ భాషలో ఇస్తే ఆ భాషలోనే స్వీకరించడం. తిరగలిని చూసి బిడ్డ తిరగలి అంటే, కార్యకర్త అవును తిరగలే, దీనితో అవ్వ ఏం చేస్తుంది అని తెలుగులోనే సంభాషణను సాగనివ్వాలి; పిండి, గింజ, గరగర అన్న మాటలన్నీ వచ్చిన తర్వాత, దీనినే బడిలో తిరుగై అంటారని చెప్పాలి. రోలుకు ఉరల్, రోకలికి ఉలక్కై, చాటకు చుళగు, కుండకు పానై ఇదే విధంగా జతకూడతాయి. మొదటి భాషలో బలపడిన భావం రెండో భాషలోకి తనంతట తాను నడిచి వస్తుందని, అందుకు ఇంటి భాషను అణచనవసరం లేదని కెనడా విద్యావేత్త జిమ్ కమ్మిన్స్ 1979లో ప్రతిపాదించిన పరస్పరాశ్రయ సిద్ధాంతం చెబుతుంది. పునాది దశ కోసం 2022 అక్టోబరులో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఇంటి భాషే బోధనకు మొదటి ఆధారం కావాలంటుంది. బిడ్డ మాటను తమిళంలో చెప్పమని వెంటనే సరిదిద్దడం మంచి ఉద్దేశంతో జరిగే పొరపాటు. దానివల్ల తమిళం త్వరగా రాదు సరికదా, రెండు భాషల్లోనూ మౌనం అలవాటవుతుంది.

ఈ పనికి అన్నిటికంటె గొప్ప అర్హత అవ్వలకు, తాతలకు ఉంది. వారిలో చాలామందికి తెలుగు లిపి రాదు, కొందరికి ఏ లిపీ రాదు; కానీ మ్యూజియంలో అద్దం వెనుక ఉన్న పనిముట్లను చేతితో వాడినవారు వారే, వాటి భాగాల పేర్లు తెలిసినవారు వారే. మ్యూజియం పలక మీద ఒక్క పేరే ఉంటుంది. అవ్వ నోట పిడి పేరు, నోటి పేరు, ఆడించే తీరు, ఆడించేటప్పుడు పాడే పాట అన్నీ ఉంటాయి. ఇద్దరు యువ కార్యకర్తలతో పాటు ఒక అవ్వనో తాతనో కలిపి ముగ్గురి జట్టుగా ఏర్పరచి, ఒక్కో జట్టుకు ఆరుగురికి మించకుండా పిల్లలను అప్పగించడం మేలు. పిల్లలు కార్యకర్తలను టీచరు అనకుండా అక్క అనో మామ అనో పిలవాలి. అక్క, మామ, తాత అన్నవి తమిళానికీ తెలుగుకూ ఉమ్మడి సొత్తు కాబట్టి ఆ పిలుపులో బిడ్డ ఏ భాషనూ వదులుకోనవసరం ఉండదు.

ఆచరణలో జాగ్రత్తలు కొన్ని తప్పవు. మ్యూజియం అధికారికి ముందుగా ఉత్తరం రాసి, సెలవు రోజు, మరుగుదొడ్డి, తాగునీరు, చెప్పులు విడిచే చోటు తెలుసుకోవాలి. తల్లిదండ్రుల లిఖిత అనుమతి ఉండాలి, ఏ బిడ్డా ఏ ఒక్క పెద్ద మనిషితోనూ ఒంటరిగా ఉండకూడదు. లోపల గడిపే సమయం నలభై నిమిషాలు దాటకూడదు. ఆ నలభై నిమిషాల్లో మూడు వస్తువులు చూస్తే ఎక్కువ. మ్యూజియమంతా చూపించాలన్న ఆశ పెద్దల ఆశ. పిల్లలు ఒకే ఏనుగు బొమ్మ దగ్గర కూర్చుండిపోతే ఆ పూటకు అదే మ్యూజియం. అలసిన బిడ్డను ప్రశ్నించకూడదు, మాట్లాడని బిడ్డను అందరి ముందూ పిలవకూడదు. కొందరు పిల్లలు నాలుగైదు వారాలు వినడమే పనిగా ఉండి, ఒకనాడు ఇంట్లో అన్నీ చెప్పేస్తారు. ఆ మౌనకాలం కూడా చదువే.

ఇంటికి వచ్చాక చేయవలసినది కొలువు. ఇంట్లోని చాట, గరిటె, తాళం, మల్లెదండ, కుండపెంకు వంటివాటిని రెండు మెట్ల మీద అమర్చి, ప్రతి వస్తువు పక్కన ఒక చిన్న కాగితం నిలబెట్టి, దాని మీద బిడ్డ చెప్పిన మాటను బిడ్డ చూస్తుండగానే తెలుగులోనూ తమిళంలోనూ రాయాలి. నోటి నుంచి వచ్చిన మాట కాగితం మీదికి దిగడం బిడ్డ కళ్లారా చూడాలన్నదే ఇక్కడ ఉద్దేశం. బంధువులు వచ్చినప్పుడు బిడ్డ ఆ కొలువును చూపించి చదువుతుంది. చదవడం అంటే అప్పటికి గుర్తుంచుకుని చెప్పడమే, ఆ చెప్పడమే తర్వాత చదవడం అవుతుంది.

ప్రతి బిడ్డకూ ఒక నోటుపుస్తకం ఉండాలి. అందులో మార్కులు, గ్రేడులు వేయకుండా, ఆ వారం బిడ్డ నోట కొత్తగా వచ్చిన మాటలను, అడిగిన ప్రశ్నలను, ఏ వస్తువు దగ్గర ఎక్కువసేపు నిలిచిందో ఆ సంగతిని తేదీ వేసి రాయాలి. ఒక పుటలో తెలుగు మాట, ఎదుటి పుటలో దాని తమిళ జత. జూన్‌లో బిడ్డ ఒకటో తరగతిలో చేరే రోజున తల్లి ఆ పుస్తకాన్ని పలకతో పాటు సంచిలో పెట్టి బడికి తీసుకువెళ్లి ఉపాధ్యాయురాలి చేతికి ఇవ్వాలి. తెలుగు తెలియని ఆ ఉపాధ్యాయురాలికి, తన ఎదుట మౌనంగా కూర్చున్న బిడ్డ దగ్గర ఇప్పటికే ఎన్ని మాటలున్నాయో తమిళంలో చదివి తెలుసుకునే అవకాశం మొదటి రోజే దొరుకుతుంది. రెండో ప్రతి ఒకటి ఇంట్లో, అవ్వ పెట్టెలో ఉంటుంది. బడి నుంచి వచ్చిన సాయంత్రాల్లో అందులోని మాటలను అవ్వకు చదివి వినిపించే పని బిడ్డది.